మీటరూ లోడే

ఊడ్పుల రోజుల్లో కంకిపాడు, పునాదిపాడు, ఈడుపుగల్లు వైపు మోటారు స్టార్టరు నొక్కగానే షెడ్డులో బల్బు ఒక్క క్షణం మసకబారి మళ్లీ తేరుకుంటుంది. "లో వోల్టేజీ" అనుకుని ఊరుకుంటాం. మరీ విసుగొస్తే కరెంటాఫీసును నాలుగు మాటలంటాం. ఆ ఒక్క క్షణంలో ఏం జరిగిందో లెక్కగా చెప్పగలిగితే, ఎలక్ట్రానిక్స్ చదివేవాళ్లు ఎక్కువగా తడబడే చోటు మీరు దాటేసినట్టే.

లెక్క ఇదీ. ట్రాన్స్‌ఫార్మరు దగ్గర 230 వోల్టులు ఉన్నాయనుకుందాం. అక్కడి నుంచి షెడ్డు దాకా వచ్చే తీగలకు, అతుకులకు అన్నీ కలిపి ఒక ఓము నిరోధం ఉందనుకుందాం. తిరుగుతున్న మోటారు 8 ఆంపియర్లు లాగితే 8 వోల్టులు దారిలోనే పోతాయి, షెడ్డుకు 222 అందుతాయి. కానీ ఆగి ఉన్న మోటారు కదలడానికి మామూలుకు ఐదారు రెట్లు లాగుతుంది. ఆ క్షణాన 40 నుంచి 48 వోల్టులు తీగకే సరి. బల్బు మసకబారక ఏం చేస్తుంది?

ఇప్పుడు అదే మోటారును ట్రాన్స్‌ఫార్మరు పక్కనే ఉన్న ఇంట్లో వేసి చూడండి. బల్బు దాదాపు కదలదు. లోడు అదే, మారింది దారిలోని నిరోధం. అందుకే "లోడు ఎక్కువైతే వోల్టేజీ పడిపోతుంది" అన్న మాట సగమే నిజం. ఎంత లాగుతున్నాం, ఎంత నిరోధం గుండా లాగుతున్నాం అన్న రెండిటినీ గుణిస్తేనే ఎన్ని వోల్టులు పడిపోయాయో తేలుతుంది. 11 కేవీ లైనును పొలం దాకా తెచ్చి, రెండు మూడు మోటార్లకు ఒక చిన్న ట్రాన్స్‌ఫార్మరు బిగించే పద్ధతి వెనక ఉన్న కిటుకు ఇదే. లోడును ఎవరూ తగ్గించలేదు, పల్చటి తీగ పొడవు తగ్గించారంతే. స్టెబిలైజరు కొన్నవాళ్లకు ఒక మాట: అది వోల్టేజీని పెంచేది లైను నుంచి మరికాస్త కరెంటు లాగే. అంటే మీ ఇంట్లో టీవీ నిలబడితే పక్కింటి వోల్టేజీ ఇంకో మెట్టు దిగుతుంది.

ఇదంతా బల్ల మీద 9 వోల్టుల బ్యాటరీతో చూడొచ్చు. ఇంటర్ పిల్లలకు పాఠం చెప్పే మాస్టార్లు, డిప్లొమా చదివేవాళ్లు, సొంతంగా రిపేరు నేర్చుకునేవాళ్లు ఎవరైనా చేయొచ్చు. ఒక్క షరతు. ఇందులో ఏ ప్రయోగమూ ఇంటి కరెంటు మీద చేయకూడదు. బ్యాటరీతో తప్పు చేస్తే రూపాయలు పోతాయి, కరెంటుతో తప్పు చేస్తే మనిషి పోతాడు.

కావలసినవి తక్కువే. బ్రెడ్‌బోర్డు, 9 వోల్టుల బ్యాటరీ, దానికి క్లిప్పు. రెసిస్టర్లలో 10 వేల ఓములవి నాలుగు (గోధుమ, నలుపు, నారింజ చారలు), వెయ్యి ఓములవి రెండు (గోధుమ, నలుపు, ఎరుపు), 10 లక్షల ఓములవి రెండు (గోధుమ, నలుపు, ఆకుపచ్చ). ఈ చివరివాటిని షాపులో "వన్ మెగ్" అని అడగాలి. ఒక 10 వేల ఓముల ప్రీసెట్, ఒక ఎర్ర ఎల్‌ఈడీ, ఒక బీసీ547 ట్రాన్సిస్టరు, ఒక ఎల్‌ఎం358 చిప్పు. మీటర్లు మాత్రం రెండు కావాలి. చవకలో దొరికే పసుపు రంగు డీటీ830 రకం చాలు. నిజానికి ఈ పాఠానికి ఖరీదైన మీటరు పనికిరాదు. ఎందుకో కాసేపట్లో మీకే తెలుస్తుంది. సామాను బెజవాడలోనే దొరుకుతుంది. హైదరాబాదు వెళ్లే పని ఉంటే కోఠీ గుజరాతీ గల్లీలో ఒక్క చక్కర్లో అన్నీ సంచిలో పడతాయి.

మొదలుపెట్టే ముందు ఒక అలవాటు చేసుకోండి. ఈ అధ్యాయంలో మీకు మిగలాల్సింది చిప్పు నంబరు కాదు, ఈ అలవాటు. మీటరు తీగలు ఆనించే ముందు, ఎంత చూపిస్తుందో కాగితం మీద పెన్నుతో రాయాలి. పెన్సిలుతో కాదు. క్లాసులో అయితే ప్రతి పిల్లాడూ తన అంకె రాసి పక్కవాడికి చూపించాలి. ముందు రాసుకోని మనిషికి మీటరు ఏ అంకె చూపించినా "అంతే కదా" అనిపిస్తుంది. రాసుకున్నవాడికే ఆశ్చర్యం దక్కుతుంది. మన ల్యాబుల్లో జరిగేది దీనికి తలకిందులు. లెక్క ప్రకారం 4.5 రావాలి కాబట్టి, మీటరు ఏం చూపినా రికార్డులో 4.5 అని దించేస్తారు. సంతకం పడుతుంది, మార్కులూ పడతాయి. ఆ రోజు నేర్చుకోవాల్సిన ఒక్క విషయం మాత్రం అలా చేజారిపోతుంది.

ముందు బ్యాటరీని కొలవండి. కొత్తదైతే 9 కన్నా కాస్త ఎక్కువే ఉంటుంది. లెక్క తేలిక కోసం ఇక్కడ 9 అనే అంటాను, మీరు మీ అంకె వేసుకోండి. 10 వేల ఓములవి రెండు వరసగా కలిపి బ్యాటరీకి తగిలించండి. మధ్య బిందువు దగ్గర ఎంత? 4.5 అని అందరూ రాస్తారు, మీటరూ దాదాపు అంతే అంటుంది. రెసిస్టర్ల మీద ఉన్న బంగారు చార 5 శాతం అటూ ఇటూ అని చెబుతుంది కాబట్టి చివరి అంకెల గురించి గొడవ వద్దు.

ఇప్పుడు మధ్య బిందువు నుంచి నేలకు, అంటే బ్యాటరీ మైనస్‌కు, మూడో 10 వేల ఓముల రెసిస్టరు పెట్టబోతున్నామని చెప్పి మళ్లీ రాయమనండి. ఇక్కడ క్లాసు రెండుగా చీలుతుంది. "అక్కడ 4.5 ఉంది కదండీ, దానికి ఏం తగిలించినా 4.5 అందుతుంది" అంటుంది ఒక వర్గం. తగిలించండి. 3 వోల్టులు. దాన్ని తీసి వెయ్యి ఓములది పెట్టండి. ముప్పావు వోల్టు. "మాస్టారూ, బ్యాటరీ అయిపోయినట్టుందండీ" అని ఒక గొంతు తప్పకుండా లేస్తుంది. లేవాలి కూడా. వెంటనే బ్యాటరీని కొలిచి చూపించండి, 9 చెక్కుచెదరకుండా ఉంటుంది. లోడు పెట్టగానే కింది 10 వేలూ కొత్త 10 వేలూ పక్కపక్కన చేరి 5 వేలయ్యాయి. పైన 10 వేలు, కింద 5 వేలు. తొమ్మిదిలో మూడో వంతే కిందికి దక్కింది.

వెనక బెంచీకి మీటరు అంకెలు కనపడవు. వాళ్ల కోసం ఎల్‌ఈడీ ఉంది. లోడు తీసేసి, దానికి వరసగా వెయ్యి ఓములు కలిపి మధ్య బిందువుకు తగిలిస్తే నీరసంగా వెలుగుతుంది. ఎర్ర ఎల్‌ఈడీ తన మీద 1.8 వోల్టులు ఉంచుకుంటుందనుకుంటే, ఈ అమరికలో దాని గుండా వెళ్లేది అర మిల్లీ ఆంపియరు కూడా ఉండదు, 0.45. దాన్ని ఊడదీసి పక్కన పెట్టండి, మళ్లీ పని పడుతుంది.

ఇక లోపలి నిరోధం. ఆ రెండు రెసిస్టర్ల అమరికను బయటి నుంచి చూస్తే, 4.5 వోల్టుల బ్యాటరీకి వరసగా 5 వేల ఓములు తగిలించిన పెట్టెలాగే ప్రవర్తిస్తుంది. దీన్ని 1883లో సిద్ధాంతంగా రాసినవాడు లియోన్ షార్ల్ థెవెనిన్, ఫ్రాన్సు తపాలా తంతి శాఖలో ఇంజినీరు. అంతకు ముప్పై ఏళ్ల ముందే, 1853లో, జర్మనీలో హెల్మ్‌హోల్ట్జ్ ఇదే సంగతి చెప్పాడు, కానీ పేరు థెవెనిన్‌కు నిలిచింది. పిల్లలకు ముందు సిద్ధాంతం చెప్పకండి. ప్రీసెట్‌ను లోడుగా పెట్టి, మధ్య బిందువు 4.5 నుంచి సరిగ్గా సగానికి, 2.25కు దిగేదాకా తిప్పమనండి. అప్పుడు ప్రీసెట్‌ను ఊడదీసి దాని నిరోధం కొలవమనండి. 5 వేలకు దగ్గరగా వస్తుంది. సగానికి దించిన లోడే లోపలి నిరోధానికి సమానం. వాళ్ల చేత్తో తేలిన తరువాత థెవెనిన్ పేరు చెబితే ఆ పేరు గుర్తుంటుంది. ఈ సగం చేసే పద్ధతిని బ్యాటరీ మీదే నేరుగా ప్రయోగించాలన్న హుషారు కొందరికి వస్తుంది. వద్దు. దాని లోపలి నిరోధం చాలా తక్కువ కాబట్టి సగానికి దించాలంటే దాదాపు షార్టు చేయాలి. ప్రీసెట్ కాలిపోతుంది.

ఇప్పటిదాకా జరిగింది ఏ పుస్తకంలోనైనా ఉంటుంది. పాఠానికి గుండెకాయ ఇక్కడి నుంచి.

రెండు 10 వేలవీ తీసేసి, వాటి చోట రెండు వన్ మెగ్‌లు పెట్టండి. లోడు ఏమీ లేదు. మధ్య బిందువు దగ్గర ఎంత? ఈసారి అందరూ ధీమాగా 4.5 అని రాస్తారు. సమాన నిరోధాలు, లోడు లేదు, ఇంకెంత ఉంటుంది? పసుపు మీటరు ఆనించండి. 3 వోల్టులు.

ఇక్కడ మీరేమీ మాట్లాడకండి. పై రెసిస్టరు మీద కొలవమనండి. అక్కడా 3. కింద 3, పైన 3, కలిపితే 6. బ్యాటరీ మాత్రం 9. మిగతా మూడు వోల్టులు ఎక్కడికి పోయాయి? ఇంటర్లో కిర్కాఫ్ నియమం కంఠస్థం చేసినవాడు మొట్టమొదట లేచి "మీటరు పాడైందండీ" అంటాడు. రెండో మీటరు ఇవ్వండి. విడిగా పెడితే అదీ 3 అనే చెబుతుంది. అప్పుడు రెండు మీటర్లనూ ఒకేసారి కింది రెసిస్టరు మీద పెట్టించండి. మొదటి మీటరు మీద వేలైనా పడలేదు, కానీ రెండోది ఆనగానే దాని అంకె 3 నుంచి 2.25కు దిగిపోతుంది. రెండూ 2.25 అంటాయి. రెండోది తీస్తే మొదటిది మళ్లీ 3 అంటుంది. ఆనించు, తీయి, ఆనించు, తీయి. ఇంకెవరూ మీటరు పాడైందనరు. వివరణ కూడా మీరు చెప్పనక్కర్లేదు, ఎవడో ఒకడు "మీటరు కూడా లాగుతోందండీ" అనేస్తాడు.

ఆ పసుపు మీటరుకు డీసీ వోల్టుల దగ్గర లోపలి నిరోధం 10 లక్షల ఓములు. అంటే దాన్ని ఆనించడమంటే మూడో వన్ మెగ్‌ను తగిలించడమే. 10 వేల ఓములతో మొదట చేసిన ప్రయోగమే ఇది, సున్నాలు మారాయంతే. ఖరీదైన మీటర్లకు కోటి ఓములు ఉంటుంది. వాటితో కొలిస్తే 4.29 వస్తుంది. తేడా ఉంది కానీ రెసిస్టరు 5 శాతంలో కలిసిపోయి ఎవరి కంటికీ ఆనదు. మంచి మీటరు ఈ పాఠాన్ని దాచేస్తుంది. అందుకే చవకది అన్నాను.

ముల్లు మీటర్ల కాలం రేడియో మెకానిక్కులకు ఇది రోజూ ఎదురయ్యే సంగతి. ఆ మీటర్ల నిరోధం రేంజిని బట్టి మారుతుంది. వోల్టుకు 20 వేల ఓముల మీటరైతే 10 వోల్టుల రేంజిలో 2 లక్షల ఓములు, 50 వోల్టుల రేంజిలో 10 లక్షలు. మన వన్ మెగ్ అమరికను మొదటి రేంజిలో కొలిస్తే 1.29, రెండో రేంజిలో 3. రేంజి మారిస్తే వోల్టేజీ మారుతోందంటే దోషం రేడియోలో లేదని వాళ్లకు వెంటనే అర్థమయ్యేది. కంపెనీలు సర్వీసు పటాల మీద "ఫలానా ఓముల మీటరుతో కొలిచిన వోల్టేజీలు" అని అచ్చువేసింది అందుకే. పటం గీసినవాడి మీటరూ మీ మీటరూ ఒకేలా లాగితేనే అంకెలు కలుస్తాయి.

ఇంటర్ రెండో సంవత్సరం ఫిజిక్సులో ఒక ప్రశ్న ఉంటుంది: ఘటం విద్యుచ్ఛాలక బలం కొలవడానికి వోల్ట్‌మీటరు కన్నా పొటెన్షియోమీటరు ఎందుకు మేలు? "తుల్య స్థానంలో ఘటం నుంచి విద్యుత్తు తీసుకోదు కనుక" అని రాస్తే మార్కులు వచ్చేస్తాయి. పోగెన్‌డార్ఫ్ 1841లో ఆ పద్ధతి కనిపెట్టింది సరిగ్గా ఈ 3 వోల్టుల చిక్కును తప్పించుకోవడానికే. ల్యాబులో మీటరు పొడవు తీగ మీద జాకీ జరుపుతూ గాల్వనోమీటరు ముల్లు సున్నాకు తెచ్చే పిల్లలకు, దాని పక్కనే ఈ రెండు మీటర్ల ప్రయోగం పెడితే ఆ జవాబు కంఠస్థం చేయాల్సిన పని ఉండదు. ఎందుకు పెట్టరో నాకు అర్థం కాదు. ఖర్చు ఒక సినిమా టిక్కెట్టంత.

సరే, లాగకుండా కొలవడం ఎలా? లోడుకు కావలసింది ఇస్తూనే వెనకున్నదాన్ని కదిలించకుండా ఉండటం ఎలా? దీనికే బఫరు. ఎల్‌ఎం358ను బ్రెడ్‌బోర్డు నడిమి గాడికి అడ్డంగా గుచ్చండి. గుంట గుర్తు ఎడమ వైపు ఉంచితే కింది వరసలో ఎడమ నుంచి 1, 2, 3, 4, పై వరసలో కుడి నుంచి 5, 6, 7, 8 కాళ్లు. 8కి బ్యాటరీ ప్లస్, 4కి మైనస్. 1నీ 2నీ ఒక చిన్న తీగతో కలపండి. 3ను 10 వేల ఓముల అమరిక మధ్య బిందువుకు ఇవ్వండి. మనకు కావలసిన వోల్టేజీ 1వ కాలి దగ్గర దొరుకుతుంది. ఈ చిప్పులో ఇలాంటి ఆంప్లిఫయర్లు ఇద్దరు కాపురముంటారు. రెండోవాణ్ణి గాలికి వదిలేయకుండా 6, 7 కలిపి, 5ను మధ్య బిందువుకే ఇవ్వండి.

ఇప్పుడు 1వ కాలికి వెయ్యి ఓముల లోడు. ఇందాక ముప్పావు వోల్టుకు కూలబడిన చోటు ఇది. అంచనా రాశారా? 4.5. లోడు తీసినా 4.5, పెట్టినా 4.5. మధ్య బిందువూ కదల్లేదు. ఇందాక పక్కన పెట్టిన ఎల్‌ఈడీని, దాని వెయ్యి ఓములతో సహా, 1వ కాలికి తగిలించండి. 0.45 మిల్లీ ఆంపియర్ల చోట 2.7 పారుతుంది, ఆరు రెట్లు. వెనక బెంచీ కూడా ఒప్పుకుంటుంది.

ఈ చిప్పు పనిని మా కాలువల భాషలో చెబుతాను. లాకు దగ్గర లస్కరు గేజి రాయి చూస్తాడు, చూసి షట్టరు తిప్పుతాడు. మట్టం తక్కువైతే ఎత్తుతాడు, ఎక్కువైతే దించుతాడు. గేజి చూడటానికి అతను నీళ్లు తాగనక్కర్లేదు, పొలానికి వెళ్లే నీళ్లు అతని జేబులోంచీ రావు, పెద్ద కాలువలోంచి వస్తాయి. చిప్పు 3వ కాలి వోల్టేజీని చూస్తూ, 2వ కాలి దగ్గరికి తిరిగొచ్చిన తన సొంత అవుట్‌పుట్‌ను దానితో పోల్చుకుంటూ, తేడా పోయేదాకా 1వ కాలిని పైకో కిందికో నెడుతుంది. లోడుకు కావలసిన కరెంటు బ్యాటరీ నుంచి 8వ కాలి ద్వారా వస్తుంది. రెండు 10 వేల రెసిస్టర్ల నుంచి అది లాగేది పదుల నానో ఆంపియర్లు మాత్రమే. అవుట్‌పుట్‌ను ఇలా వెనక్కి తెచ్చి సరిచూసుకునే పద్ధతి 1927లో బెల్ ల్యాబ్స్‌లో పనిచేసే హెరాల్డ్ బ్లాక్‌కు తట్టింది. పనికి వెళ్తూ హడ్సన్ నది దాటే పడవలో, చేతిలో ఉన్న వార్తాపత్రిక మీద గీశాడని ప్రసిద్ధి.

బఫరుకూ హద్దులున్నాయి, అవీ చూపించాలి. చూపించకపోతే పిల్లలు దాన్ని మంత్రంలా నమ్ముతారు. వంద ఓముల లోడు పెడితే 45 మిల్లీ ఆంపియర్లు అడిగినట్టు. 20, 30 దాటాక ఈ చిప్పుకు ఊపిరి ఆడదు, 4.5 దిగజారుతుంది. బ్యాటరీ ప్లస్‌కు ఒకటిన్నర వోల్టు దిగువ దాకానే దీని అవుట్‌పుట్ వెళ్లగలదు కాబట్టి 9 వోల్టుల బ్యాటరీ మీద 8 వోల్టులను అనుసరించమంటే దానివల్ల కాదు. ఇక వన్ మెగ్ అమరికను 3వ కాలికి ఇచ్చి, పసుపు మీటరును 1వ కాలి మీద పెడితే 4.5కు పది ఇరవై మిల్లీ వోల్టులు ఎక్కువే చూపించవచ్చు. ఎల్‌ఎం358 ఇన్‌పుట్ కాలి నుంచి కరెంటు బయటికి కారుతుంది. 5 లక్షల ఓముల మీద ఆ నానో ఆంపియర్లే మిల్లీ వోల్టులవుతాయి. ఆ మాత్రం కూడా వద్దనుకుంటే మాస్ఫెట్ ఇన్‌పుట్ ఉన్న సీఏ3140 లాంటిది వాడాలి, దాని లాగుడు పికో ఆంపియర్లలో ఉంటుంది.

చిప్పు లేకపోతే బీసీ547 ఒక్కటితోనూ పని జరుగుతుంది. చదును ముఖం మీ వైపు, కాళ్లు కిందికి పెట్టుకుంటే ఎడమ నుంచి కలెక్టరు, బేస్, ఎమిటరు. కలెక్టరు ప్లస్‌కు, బేస్ మధ్య బిందువుకు, ఎమిటరు నుంచి వెయ్యి ఓములు నేలకు. ఎమిటరు దగ్గర సుమారు 3.8 వస్తుంది. 0.7 వోల్టులు తనకు సుంకంగా ఉంచుకుంది. కానీ వెయ్యి ఓముల లోడు వెనకవాళ్లకు దాదాపు రెండు లక్షల ఓములుగా కనిపిస్తుంది, ట్రాన్సిస్టరు గెయిన్ 200 అయితే.

ప్రతిచోటా బఫరు పెట్టేయడం కూడా ఒక జబ్బే. లోపలి నిరోధానికి లోడు పది రెట్లుంటే వోల్టేజీ 9 శాతం పడుతుంది, వంద రెట్లుంటే ఒక శాతం. ఒక శాతం చాలనుకునే పనికి చిప్పు ఎందుకు? "అయితే విభజన రెసిస్టర్లనే చిన్నవి వాడేస్తే?" అని తెలివైనవాడు అడుగుతాడు. వాడొచ్చు. వంద ఓములవి రెండు పెడితే లోపలి నిరోధం 50కి దిగుతుంది, లోడు కూడా లేకుండానే 45 మిల్లీ ఆంపియర్లు రాత్రింబవళ్లు కాలుతూ ఉంటాయి. బ్యాటరీ ఒక పూటకు మించి నిలవదు. ఆర్డుయినోకు సెన్సరు తగిలించేవాళ్లకు చిన్న గుర్తు: ఊనో బోర్డు మీదున్న ఏటీమెగా328 చిప్పు అనలాగ్ కాళ్లు 10 వేల ఓములు లేదా అంతకు తక్కువ నిరోధం ఉన్న మూలాన్ని కోరుకుంటాయి. లక్షల ఓముల సెన్సరు నేరుగా పెట్టి, రీడింగు పక్క కాలిని బట్టి ఊగుతోందని ప్రోగ్రాములో తప్పు వెతికేవాళ్లు బోలెడుమంది.

బఫరు లేకపోతే అసలు బతకని పరికరం ఒకటి మన చేపల, రొయ్యల చెరువుల గట్ల మీదే ఉంది. పీహెచ్ మీటరు. కైకలూరు, ముదినేపల్లి వైపు నీళ్లలో ముంచి చూసే ఆ గాజు బుడ్డి లోపలి నిరోధం కోట్ల ఓముల్లో ఉంటుంది. పది కోట్లనుకోండి. 25 డిగ్రీల దగ్గర ఒక్క పీహెచ్ తేడాకు అది ఇచ్చేది 59 మిల్లీ వోల్టులు. 7 దగ్గర సున్నా. ఇప్పుడు దానికి పసుపు మీటరు తగిలిస్తే 59లో నూట ఒకటో వంతు, అర మిల్లీ వోల్టుకు కాస్త పైన, చూపిస్తుంది. దాన్ని పీహెచ్‌గా మారిస్తే ఏ చెరువైనా 7 అనే వస్తుంది. కొలత తప్పిందని అనుమానం కూడా రాదు, ఎందుకంటే 7 చూడ్డానికి మంచి అంకె. అసలు మీటర్లలో కూడా ఎలక్ట్రోడు తీగ గుచ్చే సాకెట్‌లోకి చెమ్మ చేరితే ఇదే గతి: ఆ తడే లోడవుతుంది, రీడింగు మెల్లగా 7 వైపు జారుతుంది. సాకెట్ తుడిచి ఆరబెట్టాకే రీడింగును నమ్మాలి.

ఈ చిక్కు తీర్చినవాడు అమెరికాలో ఆర్నాల్డ్ బెక్‌మన్. 1934లో కాలిఫోర్నియా పండ్ల రైతుల సహకార సంస్థలో పనిచేసే పాత స్నేహితుడొకడు నిమ్మరసం పులుపు కొలవలేక అతని దగ్గరికి వచ్చాడు. పల్చటి గాజు ఎలక్ట్రోడు పగిలిపోతోంది, మందంగా చేస్తే నిరోధం పెరిగి గాల్వనోమీటరు కదలడం లేదు. గాల్వనోమీటరు పక్కన పెట్టి వాక్యూమ్ ట్యూబు ఆంప్లిఫయరు వాడమన్నాడు బెక్‌మన్. ట్యూబు గ్రిడ్డు దాదాపు ఏమీ లాగదు కనుక మందపాటి గాజైనా సరిపోయింది. ఆ పరికరం మీదే తరువాత బెక్‌మన్ కంపెనీ నిలబడింది.

మనవాళ్లలో ఈ తక్కువ లాగుడు విద్యను పెద్ద ఎత్తున నడిపించినవారు పశ్చిమ గోదావరి మోగల్లులో 1914లో పుట్టిన ఏ.ఎస్. రావు, అయ్యగారి సాంబశివరావు. భాభా దగ్గర అణుశక్తి ఎలక్ట్రానిక్స్ విభాగాన్ని ఆయన నిర్మించారు. 1956 ఆగస్టు 4న మొదలైన అప్సర రియాక్టరు వెనక ఆ విభాగం పనితనం ఉంది. రియాక్టరులో న్యూట్రాన్లను లెక్కించే అయనీకరణ పెట్టెలు ఇచ్చే కరెంటు అతి స్వల్పం. దాన్ని కొంచెం గట్టిగా లాగితే కొలవడానికి ఏమీ మిగలదు. 1967లో ఆయన హైదరాబాదులో ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్‌ను నిలబెట్టారు.   

చివరగా ఒక పెట్టె తయారు చేయండి. రెండు 4 లక్షల 70 వేల ఓముల రెసిస్టర్లు (పసుపు, ఊదా, పసుపు), ఒక 9 వోల్టుల బ్యాటరీ లోపల పెట్టి, మధ్య బిందువు నుంచీ మైనస్ నుంచీ రెండు తీగలు మాత్రం బయటికి తీసి టేపు వేసేయండి. ఒకే రకం పసుపు మీటర్లు రెండు ఇవ్వండి. లోపలేముందో చెప్పకండి. మీటర్లు ఏవీ తగలనప్పుడు ఆ తీగల మధ్య ఎన్ని వోల్టులున్నాయో చెప్పమనండి. బఫరు వాడకూడదు.

ఒక మీటరుతో 3.64 వస్తుంది. రెండూ కలిపి పెడితే 3.06. ఈ రెండు అంకెలు చాలు. రెండిటినీ గుణిస్తే 11.14. రెండో అంకెను రెట్టింపు చేసి మొదటి అంకెను తీసేస్తే 2.48. దానితో భాగిస్తే 4.49. ఎందుకు ఇలా చేయాలో రాబట్టడం వాళ్ల పని. మీటరు ఒకటి లాగినప్పుడు, రెట్టింపు లాగినప్పుడు అని రెండు సమీకరణాలు రాసుకుంటే అరపేజీలో తేలుతుంది. మీటరు నిరోధం 10 లక్షలని కూడా చెబితే లోపలి నిరోధం 2 లక్షల 35 వేలని సైతం లాగగలరు. టేపు విప్పేది ఆ తరువాతే.